టిఫిన్ సెంటర్‌లో మళ్ళీ ఒకడు కాల్చుకున్నాడు, ఏం మార్చాలో చెప్పండి

లీలామహల్_టిఫిన్
అందరికీ నమస్తే. తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దగ్గర మా బావకి చిన్న టిఫిన్ సెంటర్ ఉంది, సాయంత్రం పూట నేను చూసుకుంటా, మొత్తం ఏడుగురం. పోయిన శనివారం రష్‌లో మా హెల్పర్ కాగే సాంబారు గుండ వెనక నుంచి ముందు కౌంటర్‌కి తెస్తా, గిన్నెలు కడిగే చోట కాలు జారినాడు. సగం సాంబారు ఎడమ కాలి మీద పడింది. ఇప్పుడు ఇంట్లో ఉన్నాడు, డ్రెస్సింగ్‌కి పోతా వస్తా ఉన్నాడు.

బావ ఏమంటాడంటే వాడు చూసుకోని నడవలేదు అంతే అని. నాకు మాత్రం అట్ట అనిపించట్లా. ఈ సంవత్సరంలో ఇది మూడోది, ముందు పూరీ మాస్టర్‌కి చేతి మీద నూనె చింది బొబ్బలొచ్చినాయి, తర్వాత ఇంకొకాయనకి ఇడ్లీ పాత్ర మూత తీస్తే ఆవిరి మొహానికి కొట్టింది. ముగ్గురూ చూసుకోని వాళ్ళేనా? గ్లౌజులు తెచ్చిస్తే రెండు రోజులు వేసుకొని అటక మీద పడేసినారు. బ్రహ్మోత్సవాలు వస్తే గరుడసేవ రాత్రంతా తెరిచే ఉంటాం, నిద్ర లేకుండా పని, అది తల్చుకుంటేనే భయంగా ఉంది.

బజ్జీల_మాస్టర్
తమ్ముడూ 22 ఏళ్ళుగా బాణలి ముందరే ఉండా. గ్లౌజు తొడుక్కోని పూరీ ఎవురన్నా వేస్తారా, పిండి గ్లౌజుకి అంటుకోని పూరీ జారి నూనెలో దబ్బున పడి ఇంకా ఎక్కువ చిందుతాది. పూరీ బాణలి అంచు మీద పెట్టి మెల్లగా జార్చాల, ఎత్తు నుంచి ఇసరకూడదు, అది నేర్పించు. ఇంకోటి తడి మసిగుడ్డతో వేడి గుండ పట్టుకోనియ్యొద్దు. అయినా వంటింట్లో కాలకుండా పని రాదబ్బా, కాస్త పేస్టు పూస్తే రెండ్రోజుల్లో సరిపోతాది.

పల్ప్_ఫ్యాక్టరీ_చిత్తూరు
మాస్టరన్న చెప్పిన మసిగుడ్డ మాట నూటికి నూరు కరెక్ట్, పొడిగుడ్డలో గాలి ఉంటుంది కాబట్టి వేడి నిదానంగా వస్తుంది, తడిగుడ్డలో నీళ్ళు ఆ వేడిని వెంటనే చేతికి చేరుస్తాయి, నడి దారిలో చెయ్యి కాలి గుండ వదిలేస్తారు. పొడిగుడ్డలు నాలుగైదు మేకుకి తగిలించి పెట్టండి, బల్ల తుడిచే గుడ్డ వేరే రంగుది పెట్టండి.

మాది మామిడి గుజ్జు ఫ్యాక్టరీ, తోతాపురి సీజన్‌లో పగలూ రాత్రీ స్టీమ్‌తోనే పని చేస్తాం. ఆవిరి వేడినీళ్ళ కంటే ఎందుకు ప్రమాదమంటే, చర్మం మీద నీరుగా మారేటప్పుడు గ్రాముకి 540 క్యాలరీల దాకా వేడి వదుల్తుంది, అదే మరిగే నీళ్ళు ఒంటి వేడికి దిగేటప్పటికి వదిలేది 60 చిల్లరే. ఇడ్లీ పాత్ర మంట ఆపి ఒక నిమిషం ఆగి, మూత అవతలి అంచు ముందు లేపమనండి, ఆవిరి అటు పోతుంది.

అసలు సంగతి ఏందంటే మా దగ్గర కూడా ప్రతి సీజన్ ముందర జాగ్రత్త అని బోర్డులు రాయించేవాళ్ళు, అయినా ఒక వాల్వ్ దగ్గరే మళ్ళీ మళ్ళీ కాలేది. ఆఖరికి చూస్తే ఆ వాల్వ్ తిప్పాలంటే వేడి పైపు మీదుగా చెయ్యి పోవాల్సిందే. పైపుకి చుట్టు వేసి వాల్వ్ ఇవతలకి మార్చినాక ఆ గొడవే లేదు, మనుషులు మాత్రం వాళ్ళే. మీ మూడిట్లో కూడా మనిషిని వదిలేసి చోటు చూడండి. గుండ నిండా సాంబారు తడి నేల మీద రోజుకి ఎన్నిసార్లు పోతోంది? కౌంటర్ దగ్గరే చిన్న స్టవ్ పెట్టలేరా? లేదంటే మూతకి క్లిప్పులుండే చిన్న క్యాన్లు, సగమే నింపి. కాగిన నూనె బాణలి మాత్రం ఎవరూ ఎత్తకూడదు, పొద్దున దాకా అట్టే ఉండనీ.

స్టాఫ్‌నర్స్_అక్క
మాస్టర్ గారూ ఆ పేస్టు మాత్రం వద్దండీ దండం పెడతా. పేస్టు, ఇంకు, పసుపు పూసుకొని వస్తే అవి కడిగి తీసేసరికి మాకు పావుగంట, వాళ్ళకి నరకం, అప్పటిదాకా కాలింది ఎంత లోతో తెలీదు. కాలిన వెంటనే చల్లటి కుళాయి నీళ్ళు 20 నిమిషాలు పారనివ్వాలి, ఐస్ పెట్టకూడదు. మన తిరుపతిలో ఎండాకాలం మధ్యాహ్నం మిద్దె మీద ట్యాంకు నీళ్ళే కాగుతుంటాయి, అందుకని తాగే నీళ్ళ క్యాన్ ఒకటి దీనికే పక్కన పెట్టుకోండి. సాంబారు పడితే ప్యాంటు వెంటనే విప్పెయ్యాలి, సిగ్గుపడి నిలబడితే ఆ తడిబట్ట ఇంకా కాలుస్తూనే ఉంటుంది. చర్మానికి అంటుకుంటే మాత్రం లాగొద్దు, చుట్టూ కత్తిరించండి. వాపు రాకముందే ఉంగరం, కడియం, చేతి దారం తీసెయ్యాలి. బొబ్బలు చిదమొద్దు. మొహం, చేతులు, కీళ్ళ మీద పడినా, వాళ్ళ అరచెయ్యి కంటే పెద్దగా కాలినా ఆసుపత్రికే, నడవలేకపోతే 108కి కొట్టండి.

బజ్జీల_మాస్టర్
సరేమ్మా, పేస్టు మానేస్తా. తమ్ముడూ ఇంకోటి మర్చిపోయినా, నూనెకి మంట అంటుకుంటే నీళ్ళు పొయ్యనీకు, నీళ్ళు అడుక్కి పోయి ఆవిరై మండే నూనెని పైకప్పు దాకా ఎగజిమ్ముతాది, నా కళ్ళారా చూసినా. గ్యాస్ కట్టేసి మూత బోర్లించి అట్టే వదిలెయ్యాల. బాణలికి సరిపోయే మూత గోడకే తగిలించి పెట్టు.

లీలామహల్_టిఫిన్
అందరికీ థాంక్స్. నిన్న రాత్రి షాపు మూసినాక నేనూ బావా కిచెన్ నుంచి కౌంటర్ దాకా నడిచి లెక్కపెట్టినాం, 14 అడుగులు, అందులో 5 అడుగులు గిన్నెలు కడిగే తడిలోనే. బావ కాసేపు మాట్లాడలా. తర్వాత కౌంటర్ దగ్గర స్టవ్‌కి ఒప్పుకున్నాడు, సాంబారు చిన్న క్యాన్లలో తెద్దామన్నాడు. గిన్నెలు కడిగే చోటు మాత్రం డ్రైనేజీ అక్కడే ఉందని కదపనంటున్నాడు. ఆ 5 అడుగులకి జారకుండా రబ్బరు మ్యాట్ వేద్దామనుకుంటున్నా, నూనె జిడ్డు పడినా కడగటానికి వీలుగా ఉండేది ఎవరైనా వాడి ఉంటే చెప్పండి.