బాడీబిల్డింగ్ షెడ్యూల్‌లో పవర్‌లిఫ్టింగ్ కలపొచ్చా?

ప్రశ్న: అన్నా, మూడేళ్లుగా ఛాతీ ఒక రోజు, వీపు ఒక రోజు అన్నట్టు వారానికి ఐదు రోజులు జిమ్ చేస్తున్నా. సైజ్ వచ్చింది, కానీ స్క్వాట్ (భుజాల మీద బార్ పెట్టుకుని కూర్చుని లేవడం) ఏడాదిగా 100 కేజీల దగ్గరే ఆగింది. పవర్‌లిఫ్టింగ్‌లోలా (ఒక్కసారికి వీలైనంత ఎక్కువ బరువు ఎత్తే ఆట) బరువులు పెంచే పనిలో పడితే కండ తగ్గుతుందేమోనని టెన్షన్. పోయిన నెల సోమవారం హెవీ డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ను పట్టుకుని నిటారుగా లేవడం) చేసి, మంగళవారం స్క్వాట్ చేస్తే నడుము పట్టేసింది.

జవాబు 1: కండ తగ్గదు తమ్ముడూ. బాడీబిల్డర్ ఫ్రాంకో కొలంబు పవర్‌లిఫ్టింగ్ చేసినవాడే, 1976లో, 1981లో బాడీబిల్డింగ్‌లో పెద్ద పోటీ అయిన మిస్టర్ ఒలింపియా గెలిచాడు. హెవీ లిఫ్ట్ ముందు పెట్టు: నీ మ్యాక్స్‌లో (ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువు) 80 శాతం బరువుతో 4 సెట్లు, సెట్‌కి 4 లేదా 5 రెప్స్ (అన్నిసార్లు ఎత్తడం), మధ్యలో కనీసం 3 నిమిషాలు రెస్ట్. ఆ తర్వాతే లెగ్ ప్రెస్, లెగ్ కర్ల్ లాంటివి 8 నుంచి 12 రెప్స్. అలసిపోయాక బార్ కిందికి వెళ్లొద్దు.

జవాబు 2: నడుము పట్టేయడానికి కారణం నువ్వే రాశావు కదా, మధ్యలో గ్యాప్ లేదు. స్క్వాట్ సోమవారం, డెడ్‌లిఫ్ట్ గురువారం పెట్టు. డెడ్‌లిఫ్ట్ రోజు వంగి చేసే రోయింగ్ మానేసి, ఛాతీ ఆనించి చేసే మెషీన్ వాడు. నాకు ఈ ఒక్క మార్పుతోనే నొప్పి పోయింది. నాలుగైదు వారాలకోసారి బరువులు తగ్గించి ఒక వారం తేలిగ్గా చెయ్యి. నొప్పి కాలులోకి పాకితే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించుకో.

ప్రశ్న అడిగినవాడు: థ్యాంక్స్ అన్నా. సోమవారం 80 కేజీలతో మొదలుపెడతా.