పాలు తాగితే సెరటోనిన్ పెరుగుతుందా?

నిద్రలేని_పిట్ట: రాత్రి పాలు తాగితే అందులోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం (ప్రోటీన్లలో ఉండే చిన్న భాగం) మెదడు రసాయనం సెరటోనిన్‌గా మారి ఇట్టే నిద్ర పడుతుందని ఎక్కడ చూసినా రాస్తున్నారు. నాకైతే గ్లాసు ఖాళీ అవుతోంది గానీ నిద్ర రావట్లేదు. ఎవరికైనా పనిచేసిందా?

అమైనో_రావు: ట్రిప్టోఫాన్ నుంచే సెరటోనిన్ తయారవుతుంది, అంతవరకు నిజం. కానీ రక్తంలోంచి మెదడులోకి వెళ్లడానికి టైరోసిన్, లూసిన్, వాలిన్ లాంటి వేరే అమైనో ఆమ్లాలతో పోటీ పడాలి. అన్నిటికీ రవాణా ప్రోటీన్ ఒకటే. పాలల్లో ఇవన్నీ ట్రిప్టోఫాన్‌ కంటే ఎక్కువే ఉంటాయి. తమాషా ఏంటంటే, ఒట్టి పిండిపదార్థం తిన్నప్పుడే దానికి దారి దొరుకుతుంది. ఇన్సులిన్ పెరిగి మిగతావాటిని కండరాల్లోకి లాగేస్తుంది. ట్రిప్టోఫాన్ చాలావరకు ఆల్బుమిన్ అనే రక్త ప్రోటీన్‌ని అంటిపెట్టుకుని రక్తంలోనే మిగులుతుంది. ఫెర్న్‌స్ట్రామ్, వర్ట్‌మన్ అనే పరిశోధకులు 1970ల మొదట్లో ఎలుకల్లో చూపించింది ఇదే. భోజనంలో కాస్త ప్రోటీన్ కలిసిందా, ఆ లాభం పోయినట్టే.

ఇంతకీ కాఫీ ఎన్నింటికి తాగుతారు?

నిద్రలేని_పిట్ట: ఏడింటికి. సాయంత్రం.

అమైనో_రావు: సగం కెఫీన్ బయటికి పోవడానికే సుమారు అయిదు గంటలు. నిద్ర తెప్పించే అడినోసిన్‌ని అది పని చేయనివ్వదు. ముందు దాని సంగతి చూడండి.

షుగర్_బాబాయ్: మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు ఏళ్లతరబడి వాడేవాళ్లు బి12 పరీక్ష చేయించుకోండి. నాకు అరికాళ్లు మొద్దుబారి, తెలిసిన పేర్లు కూడా నోటికి రాకపోతే అందరూ షుగరే అన్నారు. తీరా చూస్తే బి12 అడుగంటింది. ఇంజెక్షన్లతో తేరుకున్నా.

కొత్తగా_వచ్చా: అయితే విటమిన్ బి మాత్రలన్నీ వేసేసుకుంటే సరి!

అమైనో_రావు: వద్దండీ. డోపమైన్, గాబా అనే మెదడు రసాయనాల తయారీకి బి6 కావాలి, నిజమే. అదే పెద్ద డోసులో చాలాకాలం వాడితే నరాలు దెబ్బతింటాయి.

సుధ: మా నాన్నగారికి పార్కిన్సన్స్ (ఒళ్లు వణికి, బిగుసుకుపోయే జబ్బు). దానికి వాడే లెవోడోపా మందు పొద్దున బాగానే పనిచేసేది. మధ్యాహ్నం గుడ్లో మాంసమో తిన్నాక వేసుకుంటే మాత్రం చొక్కా గుండీ దగ్గరే వేళ్లు బిగుసుకుపోయేవి. డాక్టరుగారు డోసు మార్చలేదు. భోజనానికి అరగంట ముందు వేయమన్నారు, ప్రోటీన్ ఎక్కువ భాగం రాత్రికి పెట్టమన్నారు. ఇప్పుడు మధ్యాహ్నం కూడా గుండీలు తనే పెట్టుకుంటున్నారు.

అమైనో_రావు: అదే పోటీ, సుధగారూ. లెవోడోపా కూడా అమైనో ఆమ్లమే, పేగు దగ్గరా మెదడు దగ్గరా వాటితోనే తోసుకుంటూ వెళ్లాలి. ప్రోటీన్ మొత్తానికి తగ్గించకండి, ఆ జబ్బులో బరువు తగ్గడం మామూలే. నెలనెలా తూకం చూస్తూ ఉండండి.