హెచ్‌ఐవీ వైరల్ లోడ్ టీఎన్‌డీ (రక్తంలో వైరస్ కనపడలేదు) వస్తున్నా కొలెస్ట్రాల్ మాత్ర ఎందుకు?

ప్రశ్న:
నమస్తే అండి, మా అన్నయ్యకి 47 ఏళ్లు, చాలా ఏళ్లుగా హెచ్‌ఐవీకి ఏఆర్‌టీ మందులు వాడుతున్నాడు, ఇప్పుడు రోజుకో టీఎల్‌డీ (టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిపిన మాత్ర), వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసే టెస్ట్) ఎప్పుడు చేయించినా టీఎన్‌డీయే. మొన్న బయట డాక్టర్ దగ్గర చెకప్ చేయిస్తే ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 128 వచ్చింది, షుగర్ లేదు, బీపీ బోర్డర్‌లో ఉంది, స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) రాశారు. అన్నయ్యేమో గుండెకి ఏమీ లేదు కదా, మళ్లీ ఇంకో మాత్రా, లివర్ పోతుంది అని పక్కన పడేశాడు. సిగరెట్లు కూడా రోజుకి నాలుగైదు. వదిన ఒకటే కంగారు పడుతోంది. నిజంగా అవసరమేనా, టీఎల్‌డీతో కలిపి వేసుకోవచ్చా?

రిప్లై (నర్స్, ఏఆర్‌టీ సెంటర్‌లో పనిచేశాను):
టీఎన్‌డీ రావడం చాలా మంచి విషయం అమ్మా, కానీ వైరస్ అణిగినా ఒంట్లో సన్నగా ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు) ఉంటూనే ఉంటుంది, దానివల్ల రక్తనాళాల లోపలి గోడ దెబ్బతిని కొవ్వు తొందరగా పేరుకుంటుంది. గుండెపోటు రిస్క్ మామూలు వాళ్లకంటే దాదాపు రెట్టింపు. 2023లో రిప్రీవ్ అనే పెద్ద ట్రయల్ వచ్చింది, 40 నుంచి 75 ఏళ్ల వాళ్లు 7,769 మంది, మన ఇండియా వాళ్లు కూడా ఉన్నారు, అందరూ మీ అన్నయ్యలా గుండెజబ్బు లేకుండా ఏఆర్‌టీ మీద ఉన్నవాళ్లే. పిటావాస్టాటిన్ 4 ఎంజీ రోజూ ఇస్తే గుండెపోటు, పక్షవాతం లాంటివి 35 శాతం తగ్గాయి. లెక్కలో చెప్పాలంటే ఏడాదిలో వెయ్యి మందిలో సుమారు ఏడుగురికి వచ్చేది దాదాపు ఐదుగురికే వచ్చింది. కండరాల నొప్పులు, షుగర్ కొంచెం ఎక్కువ మందికి వచ్చాయి, అదీ నిజమే. లివర్ భయం ఉంటే ఎల్‌ఎఫ్‌టీ (లివర్ టెస్ట్) చేయించి మొదలుపెట్టమనండి.

రిప్లై (ఫార్మసిస్ట్‌ని):
టీఎల్‌డీకి స్టాటిన్‌తో పేచీ లేదు. ఇబ్బందంతా సెకండ్ లైన్‌లో (మొదటి మందులు పనిచేయనప్పుడు మార్చి ఇచ్చేవాటిలో) రిటోనావిర్ అనే హెచ్‌ఐవీ మందు ఉన్నవాళ్లకి, వాళ్లు సిమ్వాస్టాటిన్, లోవాస్టాటిన్ అనే స్టాటిన్లు అస్సలు వేసుకోకూడదు, మందు రక్తంలో విపరీతంగా పెరిగి కండరాలు దెబ్బతిని కిడ్నీల దాకా పోతుంది, అటార్వాస్టాటిన్ కూడా తక్కువ డోసే. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్తున్నా, చాలామంది బయట డాక్టర్ దగ్గర హెచ్‌ఐవీ సంగతి దాస్తారు, బాధ అర్థమవుతుంది గానీ ఆ డాక్టర్‌కి మీ మందులు తెలియకపోతే ఏది కలపకూడదో ఎలా తెలుస్తుంది? ఏఆర్‌టీ బుక్ (సెంటర్‌లో ఇచ్చే మందుల పుస్తకం) చూపించండి. యాంటాసిడ్ లాంటి గ్యాస్ మందులు, క్యాల్షియం, ఐరన్ టీఎల్‌డీతో ఒకేసారి వేసుకోవద్దు, రేపు షుగర్ వచ్చి మెట్‌ఫార్మిన్ (షుగర్ మాత్ర) రాస్తే టీఎల్‌డీలో డోలుటెగ్రావిర్ ఉందని తప్పకుండా చెప్పాలి, డోసు మారుతుంది.

రిప్లై (నేనూ పాజిటివే):
బ్రదర్‌కి చెప్పండి అక్కా, ముందు సిగరెట్ మానాలి, మన గుండెకి అది చేసే నష్టం మాత్రతో పూడదు. మాత్రలు ఎక్కువైపోయాయని విసుగొచ్చి టీఎల్‌డీ మాత్రం ఆపనివ్వకండి, 2006లో స్మార్ట్ అనే స్టడీలో మందులు మధ్యమధ్యలో ఆపినవాళ్లకే గుండె సమస్యలు ఎక్కువొచ్చాయి. బీపీ కూడా ఏఆర్‌టీకి వెళ్లినప్పుడల్లా చూపించుకోమనండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ చాలా థాంక్స్ అండి, వదినకి చదివి వినిపించా. సోమవారం బుక్ తీసుకుని వెళ్తున్నాం. పిటావాస్టాటిన్ రాస్తే రాత్రే వేసుకోవాలా?

రిప్లై (ఫార్మసిస్ట్‌ని):
ఏ టైమైనా పర్లేదమ్మా, తిన్నాకైనా తినకముందైనా. టీఎల్‌డీతో పాటే వేసుకుంటే మర్చిపోడు. కండరాలు బాగా నొప్పిపుట్టినా మూత్రం నల్లగా వచ్చినా వెంటనే డాక్టర్‌కి చూపించండి.