అప్‌డేట్: కావలి నుంచి 22 మంది పొదుపు సంఘం ఆడవాళ్లతో ఢిల్లీ

టికెట్లు, పార్లమెంటు పాసుల గురించి పోయినసారి అడిగాను కదా, తేలినవి ఇవీ.

రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. ఒక టికెట్‌లో ఆరుగురికి మించి కుదరదు. అయితే 45 ఏళ్లు దాటిన ఆడవాళ్లకు కింది బెర్తు కోటా దొరకాలంటే, టికెట్‌లో ఒకరో ఇద్దరో మాత్రమే ఉండాలి. ఆరుగురిని కలిపితే ఆ కోటా పోతుంది. అందుకే మోకాళ్ల నొప్పులున్న నలుగురికి రెండు టికెట్లు, మిగతా 18 మందికి మూడు.

పార్లమెంటు గ్యాలరీ పాసు ఎంపీ సిఫారసుతో వస్తుంది, సభ జరిగే రోజుల్లోనే. చిక్కంతా పేర్లతోనే. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, మన జాబితాలో పొడి అక్షరమే ఉంటే గేటు దగ్గర ఆపేస్తారు. ఆధార్ చూసి అక్షరం అక్షరం రాయండి. లోపలికి ఫోన్లు రానివ్వరు. సంచులు, ఫోన్లు పట్టుకుని బయట కూర్చోడానికి ఇద్దరిని ముందే అనుకోండి.

సోమవారం ఎర్రకోట మూత, కాబట్టి ఆ రోజు పార్లమెంటుకు. చట్టసభల్లో మహిళలకు మూడో వంతు సీట్ల బిల్లు 2023 సెప్టెంబరులో కొత్త భవనంలోనే పాసైందని ముందే చెప్పి తీసుకెళ్తే చూపే వేరు. రాజ్యాంగ సభలో కూర్చున్న 15 మంది ఆడవాళ్లలో మన దుర్గాబాయమ్మ (దుర్గాబాయి దేశ్‌ముఖ్) కూడా ఉంది.

మెట్రోలో మొదటి పెట్టె ఆడవాళ్లదే, అందరూ అందులోనే ఎక్కండి. భోజనానికి ఆంధ్రా భవన్. మూడో రోజుకి రొట్టెలు చాలనిపిస్తుంది లెండి.