సంగమలో మహసీర్ చేపపిల్లల్ని వదిలితే నదికి మేలా, కీడా?

వైట్‌ఫీల్డ్‌వాసి:
మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళం ఉగాదికి ఏదైనా మంచి పని చేద్దామనుకున్నాం. కనకపుర దాటాక అర్కావతి కలిసే సంగమ దగ్గర కావేరిలో హేచరీ (గుడ్లు పొదిగించి చేపపిల్లల్ని పెంచే చోటు) మహసీర్ పిల్లల్ని వదలాలని ఒక పెద్దాయన పట్టుబట్టారు. చందాలూ మొదలయ్యాయి. నాకెందుకో డౌటు.

గాలంగురు:
వద్దండీ, ఆ నదిలో ఈ ముచ్చట ఒకసారి అయిపోయింది. కావేరి సొంత మహసీర్‌కి వీపు మీద మూపురం ఉంటుంది, యాభై కిలోలు దాటినవీ దొరికాయి. మహారాష్ట్రలోని లోనావాలా హేచరీలో పెంచింది నీలిరెక్కల మహసీర్. దాని పిల్లల్ని కావేరిలోనూ వదిలారు. కావేరి ఒడ్డునున్న గాలిబోరె క్యాంపులో గాలం వేసేవాళ్ళ 1998–2012 లెక్కలు తీసి చూస్తే నీలిరెక్కలవి పెరిగాయి, మూపురంవి తగ్గాయి. దొరికిన మూపురం చేపల సగటు బరువు మాత్రం పెరిగింది. సంతోషించకండి, ముసలివే మిగిలాయని అర్థం. 2018లో గానీ దాని శాస్త్రీయ నామం టోర్ రెమాదేవియై అని తేలలేదు. అప్పటికే అంతరించే అంచున ఉంది.

బన్నేరుఘట్టబాబాయ్:
అంతా హేచరీ మీదికే తోస్తే ఎలా? డ్యాములు, ఇసుక తవ్వకాలు, డైనమైట్ వేట ఏమయ్యాయి? మన వైపు చెరువుల్లో సీడ్ (చేపపిల్లలు) వదలకపోతే తినడానికి చేప ఉండేదా?

గాలంగురు:
చెరువు వేరు బాబాయ్. అక్కడ వేసింది మనమే పట్టి తింటాం, నదిలో వేసింది అక్కడే సంసారం పెడుతుంది. డ్యాముల సంగతి ఒప్పుకుంటా, ఏ కారణం వాటా ఎంతో ఆ లెక్కలు విడదీయలేవు. కానీ నది సొంత జాతినే హేచరీలో పెంచి వదిలినా చిక్కే. అమెరికాలో హుడ్ నది స్టీల్‌హెడ్ ట్రౌట్ చేపల మీద 2007లో వచ్చిన డీఎన్‌ఏ అధ్యయనం చూడు: హేచరీలో ఒక్కో తరం గడిచేకొద్దీ, నదిలో సంతానం నిలుపుకునే సత్తా సుమారు 40 శాతం చొప్పున పడిపోయింది. తొట్టిలో మేత చల్లగానే పైకొచ్చే చేపదే గెలుపు. వాగులో అలా పైకొస్తే కొంగ నోట్లోకే. మాంటానా రాష్ట్రం 1974లో వాగుల్లో ట్రౌట్ వదలడమే మానేసింది, అడవి చేపలు వాటంతటవే పుంజుకున్నాయి.

బన్నేరుఘట్టబాబాయ్:
మాంటానా నీళ్ళు వేరు. అర్కావతి నీళ్ళు ఎప్పుడైనా వాసన చూశావా?

గాలంగురు:
నేననేదీ అదే! మన బెంగళూరు మురుగే వృషభావతి, అర్కావతి మీదుగా సంగమకు చేరుతోంది. ముందు దాని సంగతి చూడాలి.

చేపలపులుసు:
ఒక్క మాట. ఆఖరి పదో ఇరవయ్యో మిగిలినప్పుడు, అదే నదిలో పట్టిన తల్లిచేపల గుడ్లతో పిల్లల్ని పెంచి వదలడం వేరు. అది నిపుణుల పని, ఉగాది ప్రోగ్రాం కాదు.

వైట్‌ఫీల్డ్‌వాసి:
38 వేలు వసూలయ్యాయి, హేచరీకి అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు. ఈ లింకు పెద్దాయనకి పంపుతున్నా. తిడితే మీ ముగ్గురి మీదికే తోసేస్తా.