కోరస్‌ను మన దిక్కు ఏమంటరు? ‘వంత’ మీద మన గుంపు ముచ్చట

ఆదివారం వచ్చిందంటే మన గుంపులో ‘ఈ వారం ఏం వింటున్నారు’ అని ఒకరు అడగడం, తలా ఒక పాట పెట్టడం మామూలే కదా. ఈసారి ఒకరు ఇళయరాజా పాత పాటలు పెట్టారు, ఒకరు మెహదీ హసన్ గజళ్లు, ఇద్దరు మల్లన్న పాటలు. కాజీపేట తమ్ముడు ఎప్పట్లాగే జాజ్ ఆల్బమ్ పెట్టాడు. (మనం ఒకరినొకరం ఊరి పేర్లతోనే పిలుచుకుంటాం కాబట్టి ఇక్కడా అలాగే రాస్తున్నా.) నేను పెట్టినదానికి ఆల్బమ్ లేదు, కవర్ బొమ్మ లేదు. మా బాపమ్మ పాడిన బతుకమ్మ పాట. ఫోన్‌లో ఏడు నిమిషాల పైచిలుకు ఉంది. అందులో సగం ఖాళీ.

ఖాళీ ఎందుకంటే, ఆమె ఒక ముక్క పాడి, చివర ‘ఉయ్యాలో’ అని, ఒక చప్పట కొట్టి ఆగుతుంది. ఆ ఆగినంత సేపూ ఫ్యాన్ చప్పుడు వినిపిస్తుంది, ఒకసారి పక్కింటి కుక్కర్ కూత. మళ్లీ తర్వాతి ముక్క. మళ్లీ ఆగుతుంది. మూడో నిమిషంలో కోపమొచ్చి, “గట్టిగ అనుండ్రి, నోట్లెకెళ్లి ముత్యాలు రాలుతయా?” అంటుంది. అప్పుడు ఇంట్లో ఉన్నది నేనొక్కణ్నే, ఫోన్ ఆమె మూతి దగ్గర పట్టుకుని, రికార్డింగ్ పాడవుతుందని దగ్గు కూడా ఆపుకుని. ఆమె లెక్కలో మాత్రం అక్కడ పదిమంది ఆడవాళ్లు తిరుగుతున్నారు.

మా చిన్నాయన కొడుకు అది విని, “కోరస్ మిస్సయింది అన్నా” అన్నాడు. వాడన్నది నిజమే. కానీ ఆ మాట నాకు పంటికింద రాయిలా తగిలింది. బాపమ్మ ఎదురుచూసింది కోరస్ కోసం కాదు గదా, ఆమెకు ఆ మాటే తెలియదు. మరి దేనికోసం ఎదురుచూసినట్టు? దానికి మన దిక్కు పేరేమిటి? ఇదీ నేను గుంపులో వేసిన ప్రశ్న. సాయంత్రానికి పాటలన్నీ పక్కకు పోయి చర్చ అంతా దీని మీదే నడిచింది. అవన్నీ కిందికి మీదికి అయిపోతాయని ఒక్కచోట కూరుస్తున్నా, మధ్యలో నా మాటలు కూడా కలుపుకుని.

మొదట ములుగు సార్ వచ్చారు. ఆయన తెలుగు పంతులు, ఇప్పుడు రిటైరయ్యారు. “వంత. ఇందులో వెతకడానికేముంది? వంతపాట, వంతపాడటం. బుర్రకథలో అయితే వంత అంటే పాట కూడా కాదు, మనిషే. మధ్యలో తంబూర పట్టుకున్నవాడు కథకుడు, అటొకరు ఇటొకరు గుమ్మెటలు వాయించేవాళ్లు వంతలు. ఒకడు నవ్విస్తాడు, ఒకడు లోకం సంగతులు మాట్లాడతాడు” అని రాశారు. ఆయన ఊరుకోరు కాబట్టి కింద ఇంకో ముక్క తగిలించారు: పాత తెలుగులో ‘వంత’ అంటే దుఃఖం అని కూడా అర్థం ఉందట. ‘మీ బాపమ్మ రికార్డింగ్‌కు రెండర్థాలూ సరిపోయినయి’ అని ఒకరు కింద రాశారు. నాకు నవ్వూ వచ్చింది, ఇంకేదో కూడా వచ్చింది.

కరీంనగర్ అన్న అడ్డం తిరిగాడు. “సార్, మాట సరే. కానీ ఇయ్యాల ఎవరినైనా ‘నువ్వు వంత’ అంటే కొడతడు. పేపర్ తీస్తే చాలు, ఫలానాయన ఫలానా ఆయనకు వంత పాడుతున్నడు అని ఉంటది. ఆయన తానా అంటే ఈయన తందానా. వంత అంటే తోక అని అయిపోయింది. గిట్ల పాడైన మాటను పాటకు పెట్టుకోవాల్నా? కోరసే నయం, దాని మీద మరకలు లేవు.”

ఆయన మాటలో నిజముంది. ఒకసారి లెక్క చూసుకోండి: జీహుజూర్ అనేవాణ్ని తిట్టడానికి మనం వాడే మాటల్లో ఎన్ని ఆటగాళ్ల నుంచి, పాటగాళ్ల నుంచి తీసుకున్నామో. తందాన బుర్రకథది. డూడూ బసవన్న గంగిరెద్దులవాళ్లది. వంత అందరిదీ. ఊళ్లు తిరిగి మనల్ని ఆడించి పాడించి పొట్ట పోసుకున్నవాళ్ల దగ్గర గింజలు పెట్టి ఆట చూశాం, తిట్లు మాత్రం ఉత్తగనే తీసుకున్నాం.

కానీ వంతను తోక అనడం నాకు మింగుడు పడలేదు, దానికి కారణం ఒగ్గు కథ. మా చిన్నప్పుడు సంక్రాంతి దాటిందంటే అయిలోని మల్లన్న జాతరకు పోవడం ఖాయం. (బోర్డుల మీద ఐనవోలు అని ఉంటుంది, నోట్లో మాత్రం అయిలోనే.) ఒగ్గు అంటే శివుడి డమరుకం. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ ఆ ఒగ్గు పట్టుకునే చెప్తారు, వెనక డోలు, తాళాలు. జనగామ దిక్కు చుక్క సత్తయ్య గారు ఆ కథను ఢిల్లీ దాకా తీసుకుపోయి సంగీత నాటక అకాడమీ అవార్డు తెచ్చుకున్నారు, 2017లో పోయారు. వేములవాడ దిక్కు మిద్దె రాములు గారి పేరు చెప్పని ముసలివాళ్లు ఉండరు.

నాకు గుర్తున్నది పెద్ద కథకుడు కాదు. ఆయన పక్కనున్న వంత మనిషి. పసుపు బొట్టు చెమటకు కరిగి ముక్కు మీదికి కారుతుంటే మోచేత్తో తుడుచుకుంటూ, కథకుణ్ని ఒక్క నిమిషం కూడా సాఫీగా పోనిచ్చేవాడు కాదు. కథకుడు “మల్లన్న గుర్రమెక్కిండు” అంటే వంత ‘ఎక్కిండు’ అని ఊరుకోడు. “ఏ గుర్రం?” అంటాడు. “తెల్ల గుర్రం.” “మేత ఏసిండ్రా దానికి?” అని జనం దిక్కు చూస్తాడు. జనం గొల్లున నవ్వుతారు. ఆ నవ్వు నడిచినంత సేపూ కథకుడు ఊపిరి తీసుకుంటాడు, వంగి గజ్జెలు బిగించుకుంటాడు. నవ్వు తగ్గగానే డోలు మీద ఒక దెబ్బ పడుతుంది, ఇక పో అన్నట్టు. కథ ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు కదలాలో ఆ రాత్రంతా చెప్పింది కథకుడు కాదు, వంత. ఒకచోట కథకుడు ఒక పేరు మరిచిపోయాడు. వంత ఏం చేశాడనుకున్నారు? “ఆయన పేరు నాకెరికే గని, నువ్వు చెప్తవా నేను చెప్పాల్నా?” అని బేరం పెట్టి, చివరికి తనే చెప్పాడు. అది నిజంగా మరుపో, రోజూ ఆడే ఆటో మాకు తెలియదు. తోక పని అయితే ఇది కాదు.

ఇది రాశాక కాజీపేట తమ్ముడు ఎగిరి గంతేశాడు. వాడు పొద్దున పెట్టింది మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’, 1959 నాటిది. “అన్నా, మొదటి పాట పెట్టుకో. మామూలుగా జాజ్‌లో ట్రంపెట్ ముందుంటది. ఇందులో ముందు మాట బేస్‌ది. ఆ బొంగురు తీగ ఒక ముక్క అడుగుతది, మిగతా వాళ్లు రెండంటే రెండు దెబ్బల్లో జవాబిస్తరు. మళ్లా అడుగుతది, మళ్లా అవే రెండు. ఆ పాట పేరు తెలుసా? ‘సో వాట్’. మన మాటల్ల, ‘అయితే ఏంది?’ ఆ రెండు దెబ్బలు పలికేది అదే. మీ ఒగ్గు వంత కూడా గదే అంటున్నడు గదా.”

నేను పెట్టుకుని విన్నా. నిజమే. బేస్ ఎంత పెద్దమనిషిలా మొదలుపెట్టినా ఆ రెండు దెబ్బలు ‘అయితే ఏంది’ అంటూనే ఉన్నాయి. తానా అంటే తందానా అనే వంత కాదది. జాజ్ నాకు తలకెక్కిందని చెప్పను గానీ ఆ ఒక్క పాట మూడు రోజులుగా నోట్లో ఆడుతోంది, పాడటానికి మాటలు కూడా లేవు దానికి.

హన్మకొండ భాయ్ మాట తక్కువ, పెట్టాడంటే పనికొచ్చేదే పెడతాడు. కాజీపేట దర్గా ఉర్సులో కవ్వాలీ వినే ఉంటారు. ముందు కూర్చున్న కవ్వాల్ వెనక చప్పట్లు కొడుతూ ఎత్తుకునే వాళ్లను ఉర్దూలో ‘హమ్‌నవా’ అంటారట. హమ్ అంటే కలిసి, నవా అంటే గొంతు. పోస్టర్ల మీద ‘ఫలానా కవ్వాల్ వ హమ్‌నవా’ అని ఉండేది అందుకే. “మీ గతే మాది కూడా భాయ్” అని ఆయన చివరి ముక్క. ఉర్దూ పేపర్లలో లీడర్ వెనక తిరిగే మనుషులను కూడా హమ్‌నవా అనే రాస్తారట! రెండు భాషలు పక్కపక్క గల్లీల్లో ఉండి ఒకే తిట్టు కనిపెట్టుకున్నాయి.

మధ్యలో ఒకరు వంత, వంతు ఒకటేనేమో అన్నారు. ఆమె వంతు అయ్యాక వీళ్ల వంతు, అదే వంత అని. వినడానికి ఇంపుగానే ఉంది. ములుగు సార్ ఒక్క మాటలో తేల్చారు: “చప్పుడు కలిస్తే చుట్టరికం కాదు నాయనా, అట్లయితే వంట కూడా మేనత్త కావాలె.” ఆ దారి అక్కడితో మూసుకుంది.

అసలు పాయింటు పట్టింది పాలకుర్తి ఆయన. వాళ్ల ఊరి సోమన గురించి ఏ చర్చలోనైనా దూర్చకుండా ఉండలేడని మనం ఎగతాళి చేస్తాం గానీ ఈసారి దూరింది సరైన చోటే. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో జనం పాడుకునే పాటల పేర్లు వరసబెట్టి చెప్పాడు: తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, నివాళి పదాలు, వాలేశు పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు. “ఏం వింటున్నారు అని మనం ఆదివారం అడుగుతున్నం, ఆయన ఏడు వందల ఏండ్ల కిందనే లిస్టు పెట్టిండు” అన్నాడు. అంతటితో ఆగలేదు. “తుమ్మెద పదం అంటే పాటంతా తుమ్మెద గురించి కాదు. ప్రతి ముక్క చివర ‘తుమ్మెదా’ అని వస్తది, అందుకు ఆ పేరు. కథ సీతదే కావచ్చు, అత్తాకోడళ్లదే కావచ్చు.”

అది చదివాక నాకు మా వాకిలి గుర్తొచ్చింది. పూలు పేర్చి మధ్యలో పెట్టాక, ఇక పాట మొదలుపెట్టే ముందు ఆడవాళ్లు ఏమనుకుంటారు? ‘ఉయ్యాలో పాట పాడుదామా, చందమామ పాట పాడుదామా, కోలు పాటనా?’ అనే గదా. ఫలానా కథ పాట అనరు. కథ ఎవరు ఎత్తుకుంటే వాళ్లది, పేరు మాత్రం అందరూ కలిపే ముక్కది. కరీంనగర్ అన్న తోక అన్నాడు గానీ మన దగ్గర పాటను పిలిచేదే దాని వంతతో. ఆయన దీనికి ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. ఒప్పుకున్నట్టే అనుకుంటున్నా.

ఇంత అయ్యాక పరకాల అక్క వచ్చి అందరినీ కడిగేసింది. “మీ మొగోళ్లంత పుస్తకాలు తీసిండ్రు, జాతర్లు తీసిండ్రు. బతుకమ్మ కాడ వంత అనే మాట ఎవరన్న అనంగ ఇన్నరా? మేము అనం. ఒకామె ఎత్తుకుంటది, మేమంత అందుకుంటం. లేకుంటే ఆమె చెప్తది, మేము అంటం. ‘నువ్వు చెప్పక్కా, మేమంటం.’ గంతే.” నిజమే, బాపమ్మ కూడా రికార్డింగ్‌లో ‘వంత పాడుండ్రి’ అనలేదు. ‘అనుండ్రి’ అనే అంది. నేను వెతుకుతున్న మాట నా ఫోన్‌లోనే మూడో నిమిషంలో ఉంది, నేను దాన్ని తిట్టు అనుకున్నా.

అక్క నిరుటి సద్దుల బతుకమ్మ ముచ్చట కూడా చెప్పింది. వాళ్ల గల్లీలో పెద్ద సౌండ్ బాక్సులు తెచ్చారు. పాడేదీ డబ్బానే, అనేదీ డబ్బానే. వీళ్లు చప్పట్లు కొడుతూ తిరగడమే. రాత్రి ఎనిమిదింటికి కరెంటు పోయింది. అంతమంది ఆడవాళ్లు, పట్టుచీరలు, మధ్యలో తంగేడు, గునుగు పూల మీద దీపాలు, ఒక్కసారి చడీచప్పుడు లేదు. ఒక ముసలామె ఎత్తుకుంది. మొదటి ముక్కకు నలుగురు అందుకున్నారు, రెండోదానికి ఇద్దరు, ఒకరు డబ్బాలో విన్న మాట అన్నారు, ఇంకొకరు ఇంట్లో నేర్చిన మాట అన్నారు. ముసలామె ఆగి, “మీకు వస్తలేదా, నాకు ఇనవడ్తలేదా?” అందట. అంతలో కరెంటు వచ్చింది, డబ్బా మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది.

నిన్న రాత్రి అదే అక్క నాకు ఒక ఆడియో పంపింది. వాళ్లింట్లో స్పీకర్‌కు నా ఫైలు పెట్టి, ఆమె, ఆమె కోడలు, తొమ్మిదేళ్ల మనవరాలు ఆ ఖాళీల్లో అంటున్నారు. మొదట్లో సగం దెబ్బ ముందే అందుకున్నారు, బాపమ్మ ‘లో’ అనేలోపే వీళ్ల ‘ఉయ్యా’ వచ్చేసింది. తర్వాత కుదిరింది. వెనకాల మిక్సీ ఒకటి తిరుగుతోంది, ఎవరో ఆపమంటే ఆగింది. మూడో నిమిషం దగ్గరపడేసరికి మనవరాలు అలిసిపోయినట్టుంది, గొంతులు సన్నబడ్డాయి. సరిగ్గా అప్పుడే బాపమ్మ, “గట్టిగ అనుండ్రి, నోట్లెకెళ్లి ముత్యాలు రాలుతయా?” అంది. ఒక్క క్షణం ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత ఆ పిల్ల, భయపడ్డ గొంతుతో, “అంటున్నం అవ్వా” అంది.