ఓఎంఎఫ్‌లోకి త్రీడీ మోడల్ ఎక్స్‌పోర్ట్ చేసినవాళ్లు మీ అనుభవాలు చెప్పండి

రాతిపొర:
అందరికీ నమస్కారం. మేం జియాలజీ మోడల్ ఒక సాఫ్ట్‌వేర్‌లో కడతాం, మైన్ ప్లానింగ్ వాళ్లు ఇంకోదానిలో చూస్తారు. ఇన్నాళ్లూ సర్ఫేస్‌లు డీఎక్స్‌ఎఫ్‌లో, బ్లాక్ మోడల్ (భూగర్భాన్ని పెట్టెలుగా విడదీసిన గ్రిడ్) సీఎస్‌వీలో, బోర్లు కాలర్ (బోరు మూతి ఉన్న చోటు), సర్వే (బోరు వాలు, దిక్కు), అస్సే (శాంపిల్ పరీక్ష విలువలు) అని మూడు టేబుళ్లుగా పంపేవాళ్లం. ఇప్పుడు అన్నీ కలిపి ఒకే ఓఎంఎఫ్ (ఓపెన్ మైనింగ్ ఫార్మాట్) ఫైల్‌గా ఇమ్మంటున్నారు. ఎక్స్‌పోర్ట్ కొట్టాను, ఫైల్ వచ్చింది, అవతల తెరుచుకుంది కూడా. కానీ ఫాల్ట్ సర్ఫేస్‌ని దగ్గరగా చూస్తే మెట్లు మెట్లుగా ఉందట. మా దగ్గర నున్నగా ఉంది. ఎవరికైనా ఇలా అయిందా? ఇంకా ఏమేం చూసుకోవాలో కూడా చెప్పండి, వచ్చే వారం పూర్తి మోడల్ పంపాలి.

త్రిభుజం:
మీ ఈస్టింగ్, నార్తింగ్ (తూర్పు, ఉత్తరం వైపు కోఆర్డినేట్లు, మీటర్లలో) ఎంతలో ఉన్నాయండీ? మెట్లు అన్ని దిక్కులా ఉన్నాయా, ఒక దిక్కునేనా?

రాతిపొర:
యూటీఎం మ్యాప్ గ్రిడ్. ఈస్టింగ్ 4 లక్షల చిల్లర, నార్తింగ్ 71 లక్షల చిల్లర. మీరు అడిగాక వాళ్లతో మళ్లీ చూపించుకున్నాను. ఉత్తరం వైపు నడుస్తుంటేనే మెట్లు. తూర్పు పడమర నున్నగానే ఉంది!

త్రిభుజం:
అయితే దొరికిపోయింది. మీ కోఆర్డినేట్లు దారిలో ఎక్కడో 32 బిట్ దశాంశ సంఖ్యలైపోయాయి. అందులో అంకెలకు దక్కేది 24 బిట్లే. 41,94,304 నుంచి 83,88,608 వరకు ఉన్న సంఖ్యల్లో అది అర మీటరుకు ఒక విలువే చూపగలదు. మీ నార్తింగ్ అక్కడే ఉంది. ఈస్టింగ్ ఉన్న 4 లక్షల దగ్గర అదే అడుగు 0.03125, అంటే 3 సెంటీమీటర్లు. 3 సెంటీమీటర్ల మెట్టు కంటికి ఆనదు, అర మీటరు మెట్టు ఆనుతుంది. అందుకే ఒక దిక్కునే కనిపిస్తోంది.

ఓఎంఎఫ్ 64 బిట్ సంఖ్యలను మోయగలదు, కాబట్టి ఫార్మాట్ తప్పు కాదు. ముందు ఒకటి తేల్చుకోండి: ఫైల్‌లోనే పాడైందా, లేక అవతలి తెర మీద బొమ్మ గీసేటప్పుడు మాత్రమే అలా వస్తోందా? ఏదైనా ఒక శీర్షం తీసుకుని దాని నార్తింగ్‌ని రెండు చోట్లా అంకెల్లో చూడండి. ఇక్కడ 71,04,233.18 ఉండి అక్కడ 71,04,233.0 వస్తే ఫైల్‌లోనే పోయినట్టు.

మందు ఏమిటంటే, మోడల్ మూలకు దగ్గర్లో ఒక గుండ్రటి సంఖ్యను ఆరిజిన్‌గా పెట్టి, శీర్షాలన్నిటినీ దాన్నుంచి దూరాలుగా రాయడమే. ఒక జాగ్రత్త. మొదటి వెర్షన్‌లో ప్రాజెక్టుకు ఒక ఆరిజిన్, ప్రతి జామెట్రీకి ఇంకో ఆరిజిన్ ఉంటాయి, రెండూ కూడాలి. చదివే స్క్రిప్ట్ ఒకదాన్ని మర్చిపోతే మోడల్ ఎక్కడో సున్నా దగ్గర తేలుతుంది. నేనైతే ఒక చోటే విలువ పెట్టి రెండోది సున్నాగా వదిలేస్తాను.

కోర్‌బాక్స్:
వెర్షన్ మాట వచ్చింది కాబట్టి. వచ్చే వారం పంపే ముందు, వాళ్ల సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్ చదువుతుందో అడగండి. ఓఎంఎఫ్ బాధ్యత చూసే గ్లోబల్ మైనింగ్ గైడ్‌లైన్స్ గ్రూప్ రెండో వెర్షన్‌లో ఫైల్ లోపలి కట్టడాన్నే మార్చేసింది, కానీ ఫైల్ పేరు చివర రెండింటికీ ఓఎంఎఫ్ అనే ఉంటుంది. పేరు చూసి పోల్చుకోలేం. మొదటి వెర్షన్ ఫైల్‌ని హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే 84 83 82 81 అనే బైట్లతో మొదలవుతుంది, చివర్లో మామూలు జేసన్ రాత కనిపిస్తుంది. రెండోది నిజానికి జిప్ ఫైల్. కాపీ చేసి పేరు చివర జిప్ అని మార్చి తెరిస్తే లోపల జేసన్ సూచిక, పార్కే (డేటా పట్టికల) ఫైళ్లు కనిపిస్తాయి. "ఫైల్ పాడైంది" అని ఫిర్యాదు వచ్చినప్పుడు నేను మొదట చూసేది ఇదే.

కోఆర్డినేట్ సిస్టమ్ రాయడానికి కూడా రెండో వెర్షన్‌లోనే విడిగా గడి ఉంది. మొదటిదాంట్లో అయితే వివరణ గడిలో డేటమ్, జోన్, మైన్ గ్రిడ్ తిప్పిన కోణం అన్నీ మాటల్లో రాసి పంపండి. ఇది మానకండి, దయచేసి. ఐదేళ్ల తర్వాత ఆ ఫైల్ తెరిచేవాళ్లకు మిమ్మల్ని అడిగే వీలుండదు.

గ్రిడ్‌గీత:
మాది గ్రావిటీ, మాగ్నెటిక్ ఇన్వర్షన్ (కొలతల నుంచి భూగర్భ మోడల్ లెక్కగట్టే) పని. మేం దెబ్బ తిన్నది సెల్స్ వరుస దగ్గర. యూబీసీ (ఇన్వర్షన్ ప్రోగ్రాముల) మోడల్ ఫైల్‌లో విలువలు పై నుంచి కిందికి దిగుతూ మొదలవుతాయి, ఆ తర్వాత తూర్పుకు, ఆ తర్వాత ఉత్తరానికి. వీటీకే (త్రీడీ బొమ్మల లైబ్రరీ) పద్ధతిలో ఎక్స్ ముందు కదులుతుంది, జెడ్ చివర, అదీ కింద నుంచి పైకి. ఒకదాని వరుసను ఇంకోదాంట్లో యథాతథంగా పోస్తే ఎర్రర్ ఏమీ రాదు, ఎందుకంటే మొత్తం సెల్స్ లెక్క సరిపోతుంది. కనిష్ఠం, గరిష్ఠం, సగటు, హిస్టోగ్రామ్ అన్నీ అచ్చం అలాగే ఉంటాయి. నేను అవన్నీ సరిచూసి, సంతకం పెట్టి పంపాను. వరుసంతా సరిగ్గా ఉండి లోతు ఒక్కటే తిరగబడింది. లోతులో ఉండాల్సిన బరువైన భాగం నేలపై పొరలో కనిపించింది. దాన్ని నమ్మి ఒక బోరు ప్రతిపాదన దాకా వెళ్లింది. అదృష్టం కొద్దీ ఫీల్డ్ జియాలజిస్ట్ "అక్కడ పైన అంతా మట్టే కదా" అని ఆపారు.

అప్పటినుంచి అసలు మోడల్ పంపే ముందు 2×3×4 గ్రిడ్ ఒకటి చేసి, 24 సెల్స్‌లో 1 నుంచి 24 దాకా అంకెలు పెట్టి పంపుతాను. ఆగ్నేయ మూల, అట్టడుగు సెల్‌లో ఎంత ఉందో చెప్పమంటాను. మూడు వైపులా సెల్స్ సంఖ్య వేర్వేరుగా ఉండేలా చూసుకోవాలి. 3×3×3 పెడితే అక్షాలు తారుమారైనా గ్రిడ్ ఆకారం అలాగే ఉంటుంది, ఏం జరిగిందో తెలుసుకోవడం కష్టం.

రాతిపొర:
ఇది చాలా పనికొచ్చే మాటండీ. మా బ్లాక్ మోడల్‌లో సబ్-బ్లాకులు (పెద్ద బ్లాకు లోపలి చిన్న ముక్కలు) ఉన్నాయి. వాళ్లు మొదటి వెర్షనే చదువుతారని ఇప్పుడే జవాబు వచ్చింది.

టన్నేజీ:
మొదటి వెర్షన్‌లో సబ్-బ్లాకులకు చోటు లేదు, మామూలు గ్రిడ్ మాత్రమే. రెండోదాంట్లో ఉంది. కాబట్టి మీకు రెండు దారులు. ఒకటి, ప్రతి సబ్-బ్లాక్ కేంద్రాన్ని పాయింట్‌గా రాసి, పొడవు, వెడల్పు, ఎత్తులను దాని పక్కనే విలువలుగా పెట్టడం. చూడటానికి బాగోదు గానీ ఏదీ పోదు. రెండోది, పెద్ద బ్లాకులుగా సగటు తీయడం. ఈ సగటు దగ్గరే అందరూ జారిపోతారు.

10×10×5 మీటర్ల బ్లాక్ తీసుకోండి. సగం ఓర్, సాంద్రత 4.0, గ్రేడ్ 2 శాతం. మిగతా సగం వేస్ట్, సాంద్రత 2.5, గ్రేడ్ సున్నా. ఓర్ 250 ఘనపు మీటర్లు, అంటే 1000 టన్నులు, అందులో లోహం 20 టన్నులు. వేస్ట్ 625 టన్నులు. గ్రేడ్‌ని ఘనపరిమాణంతో సగటు చేస్తే 1 శాతం వస్తుంది. మొత్తం 1625 టన్నులకు 16.25 టన్నుల లోహమే తేలుతుంది. 3.75 టన్నులు మాయం! టన్నులతో తూచి సగటు తీస్తే 1.23 శాతం, లోహం 20 టన్నులు సరిగ్గా నిలుస్తుంది. సాంద్రతకు ఘనపరిమాణంతో, గ్రేడ్‌కు టన్నులతో. తెర మీద బొమ్మ రెండింటికీ ఒకేలా ఉంటుంది కాబట్టి కంటితో పట్టుకోలేరు.

కోర్‌బాక్స్:
బోర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఓఎంఎఫ్‌లో డ్రిల్‌హోల్ అనే ప్రత్యేక రకం లేదు. బోరు దారిని ముందే లెక్కగట్టి గీతల సముదాయంగా రాస్తాం. 10 ఇంటర్వెల్స్ ఉన్న బోరుకు 11 శీర్షాలు, 10 ముక్కలు. అస్సే విలువలు ముక్కలకు కట్టాలి, శీర్షాలకు కాదు. శీర్షాలకు కట్టడం కోసం ఎవరో చివర ఒక విలువ అదనంగా చేర్చిన ఫైల్ ఒకటి నా దగ్గరకొచ్చింది. ప్రతి బోరులో గ్రేడ్ ఒక మెట్టు జరిగింది. లితాలజీ (రాతి రకం), అస్సే ఇంటర్వెల్స్ వేర్వేరు లోతుల్లో తెగుతాయి కాబట్టి వాటిని రెండు వేర్వేరు గీతల సముదాయాలుగా పెట్టండి. అసలు మూడు టేబుళ్లు కూడా జతచేసి పంపండి, గీతల నుంచి సర్వే రీడింగులను వెనక్కి రాబట్టలేం.

శాంపిల్ లేనిచోట -999 లాంటివి ఉంటే ఎక్స్‌పోర్ట్‌కు ముందే ఖాళీలుగా మార్చండి. అవతలివాళ్లకు అది మామూలు సంఖ్యే.

రాతిపొర:
చేసి చూశాను. ఆరిజిన్ మార్చాక మెట్లు పోయాయి, 5 శీర్షాలు అంకెల్లో పోల్చాం, మూడో దశాంశం దాకా కలిశాయి. 24 అంకెల గ్రిడ్ పంపితే ఉత్తరం, తూర్పు తారుమారై ఉన్నాయని తెలిసింది. అది మా స్క్రిప్ట్ తప్పే, సరిచేశాను. సబ్-బ్లాకులను పాయింట్లుగానే పంపుతున్నాం. బోర్లలో రెండు మాత్రం ఆకాశంలోకి లేచాయి.

త్రిభుజం:
ఆ రెండూ పాత సర్వే టేబుల్లోవి అయ్యుంటాయి. డిప్ (బోరు వాలు కోణం) గుర్తు చూడండి. కొందరు కిందికి -60 అని రాస్తారు, కొందరు 60 అని.

రాతిపొర:
అవునండీ, అదే. ఆ రెండూ పాత క్యాంపెయిన్ బోర్లు, 60 అని ఉంది. మార్చి మళ్లీ పంపాను.